గిరీశం నాయకుడా, ప్రతినాయకుడా?

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ‘కన్యాశుల్కం’లో నాయకుడు ఎవరో తేల్చుకోలేకపోతున్నాను. పాత్రల రకాలను ఎలా గుర్తుపట్టాలి?
– ఒక విద్యార్థిని, బోథ్

జవాబు: నాయకుడంటే మంచివాడే అయి ఉండాలనుకోవడం వల్లే మీకీ చిక్కు వచ్చిందమ్మా. గురజాడ 1897లో అచ్చు వేయించిన ఈ నాటకంలో గిరీశం ప్రధాన పాత్రే, కానీ ఆదర్శ పురుషుడు కాడు. మాటలతో బతికే ఆ మనిషి చివరిదాకా మారడు. డబ్బు కోసం ముసలివాడికి కట్టబెట్టబోతున్న చిన్నపిల్ల సుబ్బి పెళ్లి తప్పించేందుకు ఆమె మేనమామ కరటకశాస్త్రి పన్నాగం పన్నుతాడు. దానికి తోడ్పడి కథను మలుపు తిప్పేది వేశ్య మధురవాణి. ఇక్కడ అసలు ప్రతినాయకుడు ఒక మనిషి కాదు, ఆడపిల్లను అమ్ముకునే ఆచారం.

ప్రతి పాత్ర గురించీ నోట్సులో నాలుగు ప్రశ్నలు రాసుకోండి:
1. ఏం కోరుకుంటోంది?
2. దానికి అడ్డు ఎవరు, లేదా ఏది?
3. చివరికి మారిందా?
4. తీసేస్తే కథ నిలుస్తుందా?

మొదటి రెండూ నాయక, ప్రతినాయకులను చూపిస్తాయి. మూడోది మారే పాత్రనూ మారని పాత్రనూ విడదీస్తుంది. నాలుగోదానికి ‘నిలుస్తుంది’ అని వస్తే అది చిన్న పాత్ర.

తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవల మీద ఇదే పద్ధతి ప్రయత్నించండి. అప్పటికీ తేలకపోతే, పరీక్షలు దగ్గరపడకముందే ఆ నోట్సుతో మీ తెలుగు లెక్చరర్‌ను కలవండి.