ప్రేమ నవలల బృందానికి ఉపన్యాసాలా, పఠనాలా?

ప్రశ్న: మా ఊళ్లో ప్రేమ నవలలు రాసే పదిమందిమి నెలకోసారి కలుస్తున్నాం. పేరున్న రచయితలను పిలిచి మాట్లాడించాలా, మా రాతలే చదువుకోవాలా?

జవాబు: ఉపన్యాసం ఏడాదికొకటి చాలు, మిగతా నెలలు మీ చిత్తుప్రతులకే ఇవ్వండి. ప్రేమ నవలలో జంట చివరికి కలుస్తుందని పాఠకులకు ముందే తెలుసు. తెలిసీ పేజీ తిప్పాలంటే అలక, అపార్థం, ఆలస్యం సరైన పాళ్లలో పడాలి. పడ్డాయో లేదో రాసినవారికి కనిపించదు, వినేవారికి తెలుస్తుంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1976లో సినిమా కాకముందే ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా పేరు తెచ్చుకుంది. నెల తర్వాత కూడా పాఠకులు గుర్తుపెట్టుకుని వెతుక్కునేలా ప్రతి భాగాన్నీ ఆపడం ఆ పద్ధతి నేర్పే క్రమశిక్షణ. ఇప్పుడు పత్రికల్లో ఆ చోటు తగ్గింది కనుక మీ సమావేశమే ఆ పని చేయాలి. ఒక్క అధ్యాయాన్ని రచయిత కాకుండా మరొకరు పైకి చదవాలి. రచయిత నోరు మెదపకూడదు (కష్టమే!).

కొత్తవాళ్లు కొత్తవాళ్లకేం నేర్పుతారని కొందరంటారు. నేర్పనక్కర్లేదు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎవరి మాట నమ్మబుద్ధి కాలేదో చెబితే చాలు, అందుకు పాండిత్యం అవసరం లేదు. దిద్దుబాటు సూచించబోతేనే చిక్కు: ఎవరి నవల వారు ఎదుటివారి చేత రాయించాలని చూస్తారు. ఇక మొహమాటం మాటకొస్తే, తొలి రెండు సమావేశాల్లో రచయిత పేరు చెప్పకుండా చదివించండి.