సముద్రతీరమున తొలి వలసపక్షులు

గడచిన సెప్టెంబరు మాసమున త్రైమాసిక పరీక్షలు ముగిసిన పిదప మేము పదిమందిమి ఉపాధ్యాయులతో కూడ కాకినాడ తీరమునకు రెండు దినములు విహారార్థము పోయితిమి. పక్షులను జూడవలెనన్న శీతకాలమే తగుననియు, అంత ముందుగా పోయిన ఫలము లేదనియు కొందఱనిరి. ఆ మాట సరికాదని మాకు తెలిసినది.

మొదటి దినము ఉదయమున తీరమునకు పోయితిమి. సూర్యుడు ఎదుట నుండుటచే పక్షులు నల్లని చుక్కలవలె కనబడెనే గాని వాని రంగు తెలియలేదు. ఆటు సాగుచుండుటచే అవి దూరమున బురదనేలపై మేయుచుండెను. దగ్గఱగా జూడవలెనని మాలో ఇద్దఱు పరుగిడగా గుంపంతయు లేచిపోయెను. మేమందఱమును నవ్వితిమి. వల బాగుచేసికొనుచున్న యొక వృద్ధుడు మమ్ము జూచి, "పరుగెత్తకండి బాబూ! పోటు తిరిగాక రండి. నీళ్లే వాటిని మీ దగ్గరికి తోలుకొస్తాయి" అనెను.

ఆ ప్రకారమే మధ్యాహ్నము మూడు గంటలకు పోయి, సూర్యునికి వీపు పెట్టి, ఇసుకలో కదలక కూర్చుంటిమి. నీరు పెరిగిన కొలది పక్షులు మావైపునకే జరిగి వచ్చెను. వానిలో క్రిందికి వంగిన ముక్కుగల ఉల్లంకిపిట్టలను గుర్తించితిమి. వీనిని ఆంగ్లమున కర్లూ శాండ్‌పైపర్లందురు. ఇవి సైబీరియా యొక్క ఉత్తరపుటంచున వేసవిలో గ్రుడ్లు పొదుగును. ఆ కాలమున వాని యొడలు ఇటుకరంగున నుండి, చలికాలమునకు బూడిదరంగగును. మేము చూచిన వానికి పొట్టపై ఎఱ్ఱని మచ్చలింకను మిగిలియుండెను. డిసెంబరులో పోవువారికి ఈ వింత కానరాదు. పెద్దపక్షులు ముందుగా బయలుదేరును; ఆ యేట పుట్టిన పిల్లలు పిదప, తల్లిదండ్రులు వెంటలేకయే, ఎన్నడును జూడని త్రోవను వచ్చును.

ఇట్టి ప్రయాణమునకు ఒంటి క్రొవ్వే దారిబత్తెము. 2022లో బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అను తీరపక్షిపిల్ల యొకటి అలాస్కానుండి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు 11 దినములలో ఎచ్చటను దిగక ఎగిరినట్లు దానికమర్చిన చిన్న యంత్రమువలన తెలిసినది. దూరమునుండి బడలి వచ్చిన పక్షికి ఆటువేళ బయలుపడు బురదయే అన్నపుపళ్లెము. అదియు కొలది గంటలే. "ఉదయమున మీరు లేపినది భోజనమునకు కూర్చున్న అతిథులను" అని ఉపాధ్యాయులు చెప్పగా పరుగిడిన ఇద్దఱును తలవంచిరి. నవ్వినవారము గనుక తప్పు మా యందఱిదియు.

రెండవ దినమున మాకంటె ముందుగా పోయి మౌనముగా కూర్చున్నవారు ఆ యిద్దఱే. రాబోవు సంవత్సరము పోదలచు సోదరులు పోటువేళ తెలిసికొని, సూర్యుని వెనుక నుంచుకొని, పక్షి మేత మాని తల యెత్తినచోటనే ఆగవలెనని మా మనవి.