వంతు తప్పిన యంత్రము

విద్యార్థులారా! మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల చెరువుల క్రింద నీరటి వంతుల ప్రకారము పొలములకు నీరు పంచు ఆచారము మీరెఱిగినదే. కంప్యూటరులో ప్రాసెసరు నీరు వంటిది. పనులు పొలముల వంటివి. ఏ పని ముందు నడువవలయునో నిర్ణయించు నీరటియే కెర్నెలు నందలి షెడ్యూలరు.

ఈ నీరటి లెక్క తప్పినచో నేమగును? 1997 జూలై 4వ తేదీన అంగారక గ్రహముపై దిగిన పాత్‌ఫైండరు నౌక దీనికి దృష్టాంతము. కొలది దినములకే దాని కంప్యూటరు తనంతట తాను మాటిమాటికి ఆగి మరల మొదలగుచుండెను.

కారణమును ఉపమానముచే గ్రహింపుడు. ముగ్గురు రైతులు, అవసరమునుబట్టి వారి వంతులు, అందఱకును పార యొక్కటే. కడపటివాడు పార పట్టి పని చేయుచుండగా నడిమివాడు వచ్చి నీటివంతు తీసికొనెను. నీరు లేక కడపటివాని పని ముగియదు. పని ముగియక పార విడువడు. పార లేక మొదటివాడు, తన నారుమడి యెండుచున్నను, నిలిచిపోవలసినదే.

నౌకలో వాతావరణమును కొలుచు పని కడపటివాడు. వార్తలు చేరవేయు పని నడిమివాడు. యంత్రభాగముల నడుమ సమాచారమును నడుపు ముఖ్యమైన పని మొదటివాడు. అది గడువులోపల ముగియకుండుటచే కావలి గడియారము యంత్రమును మరల ప్రారంభించుచుండెను.

ఇంజనీరులు భూమిపై నున్న అట్టి యంత్రమునందే ఆ దోషమును మరల పుట్టించి కారణమును కనుగొనిరి. చికిత్స స్వల్పము: పార చేతనున్నంతసేపు కడపటివానికి మొదటివాని ప్రాధాన్యము నిచ్చుట. ఈ పద్ధతిని 1990లో షా, రాజ్‌కుమార్, లెహోజ్కీ అను పండితులు వివరించి యుండిరి. ఆ మార్పును అంగారకమునకు పంపగా దోషము తీరెను.

ఒక్కటి మఱువకుడు. ఈ దోషము ప్రయాణమునకు పూర్వమే పరీక్షలలో అరుదుగా కనబడినది. కోరినప్పుడు మరల కనబడనందున కారణము తేలకయే నిలిచిపోయెను. మీ లెక్కలో ఒక్కసారి తప్పు వచ్చి మాయమైనను, అది యేల వచ్చెనో తెలియువఱకు పలకను తుడువకుడు.