విచ్చికొని పుట్టిన మూత్రాశయము

ప్రశ్న: మాది గురజాల దగ్గర పల్లె. మొన్న మా కోడలికి మగబిడ్డ పుట్టాడు. బొడ్డు కింద చర్మం లేకుండా రూపాయి బిళ్ళంత ఎర్రని కండ తడిగా ఉంది, అందులోంచి మూత్రం ఊరుతోంది. గుంటూరు తీసుకుపొమ్మన్నారు, పురిటిశుద్ధి అయ్యాక వెళ్దామనుకున్నాం. గ్రహణంనాడు కోడలు కత్తిపీట ముట్టిందని ఇంట్లో ఒకటే గొడవ.
- ఒక నాయనమ్మ

జవాబు: అమ్మా, మీ జాబు నాకందునప్పటికి బిడ్డకు పండ్రెండవ దినము; పురిటిశుద్ధియు ముగిసియుండును. ఇంకను బయలుదేరనిచో, వైద్యసేవ కార్డు చేతబట్టి, తల్లీబిడ్డలను గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని పిల్లల శస్త్రచికిత్సా విభాగమునకు నేడే తీసికొనిపొండు.

దీనిని బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీ అందురు. పిండదశలో పొట్ట దిగువ గోడ మూసికొనకపోవుటచే, తిత్తివలె లోపల నుండవలసిన మూత్రాశయము కోసి పరచినట్లు విచ్చికొని వెలికి వచ్చును. మీరు చూచిన కండ అదియే. ముప్పది నుండి ఏబది వేల కాన్పులలో ఒకచోట కానవచ్చును. దానిపై గుడ్డయు దూదియు వేయరాదు. పోగులు పొరకంటి, తీయునప్పుడు దానిని ఒలిచివేయును. సెలైనుతో తడిపి, పలుచని శుభ్రమైన ప్లాస్టిక్ పొర కప్పి, ఆపైన లంగోటీ కట్టుడు. (కాన్పులు చేయు నర్సమ్మలకొక మనవి: ఇట్టి బిడ్డకు బొడ్డుక్లిప్పు ఆ పొరను ఒరయును, దారముతో ముడివేయుడు.)

మొదటి మూడు దినములలో, తల్లినుండి వచ్చిన హార్మోనుల బలమున శిశువు కటి ఎముకలు మెత్తగా నుండుటచే, ఎడమైన ఆ ఎముకలను దగ్గరకు తెచ్చి మూత్రాశయమును మూసి లోనికి చేర్చుట పెక్కుమార్లు ఎముక కోయకయే సాగును. ఆ గడువు దాటినంతమాత్రమున భయపడవలదు. ఎముకను కోసి కూర్చు పని అదనముగ పడును, కొందరు వైద్యులు తామే కొన్ని వారములు ఆగి చేయుదురు. పిదప కొన్ని వారములపాటు బిడ్డ కాళ్ళు రెండును జతగా కట్టియుంచుదురు. జాలిపడి విప్పబోకుడు సుమా! సాధారణముగ ఏడాదిలోపు మూత్రద్వారమును సరిచేయుదురు. మూత్రము పట్టి ఉంచుకొను శక్తికై నాలుగైదేండ్ల ప్రాయమున మరియొక ఆపరేషను.

ఇక కత్తిపీట సంగతి. దానికిని గ్రహణమునకును ఈ దోషముతో సంబంధము లేదు. ఈ రూపదోషము గర్భపు తొలి వారములలోనే ఏర్పడును. తాను గర్భవతినని మీ కోడలు అప్పటికి ఎరుగునో లేదో! ఆమెకు వేళకు అన్నము పెట్టుడు, పాలు పడవలెను.

ప్రశ్న: మాచర్లలో ఏడో నెల స్కానింగు చేయిస్తే, బిడ్డ రెండు మూత్రపిండాలూ ఉబ్బి, మూత్రాశయం గోడ మందంగా ఉందన్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: మూత్రము వెలికిపోవు దారికి పొర అడ్డుపడి, మగబిడ్డలకు మాత్రమే వచ్చు మూత్రనాళపు కవాటదోషము కావచ్చును, అయితే ఆడో మగో చెప్పుట చట్టవిరుద్ధము గనుక మీ వైద్యుడు అంతకుమించి పలుకడు. నూరు కిలోమీటర్లకు పైబడిన దారిని నొప్పులు వచ్చిన పిమ్మట కొలువక, ముందుగనే గుంటూరు చేరి కాన్పు చేయించుడు. పుట్టినవాడు మగబిడ్డయై, మూత్రము ధారగా పడక బొట్లు బొట్లుగా కారినచో, ముందు సన్నని గొట్టము వేసి మూత్రము తీసివేసి, ఎక్స్‌రేతో నిర్ధారించి, దూరదర్శిని వంటి సన్నని సాధనముతో ఆ పొరను లోపలనే కోయుదురు; పొట్టపై గాటుండదు. మూత్రపిండముల పరీక్షలు మాత్రము పెద్దవాడైనదాక చేయించవలెను.