ఫోనులో ప్రభుత్వ సేవలు

2011లో చిత్తూరు జిల్లాలో ఆరంభమైన మీసేవ వలన ధ్రువపత్రములు డిజిటల్ సంతకముతోనే వచ్చుచున్నవి. సిరా సంతకముకై అధికారి రాకకు ఎదురుచూచు పని తప్పినది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లోనికి తెచ్చినది. ఫోను వాడనేర్చినవారికి ఇది గొప్ప సౌకర్యమే. తక్కినవారి మాట యేమి?

ఆధార్ ఓటీపీ అడుగు సేవలలో చిక్కంతయు ఇచటనే గలదు. వలసపోయిన కుమారుని నంబరును వ్రాయించుకొన్న వృద్ధురాలికి ఆ ఓటీపీ చేరదు. దరఖాస్తు అచటనే ఆగును. ఇట్టివారు తమ వార్డులో ఎందరు గలరో సభ్యులు ముందుగా విచారించి, ఆధార్ కేంద్రమున నంబరు మార్పింపవలెనని మా కోరిక. కళాశాల ప్రవేశముల గడువు ముంచుకొని వచ్చిన పిదప పరుగిడిన లాభము లేదు. దరఖాస్తు సంఖ్యను మాత్రము భద్రపరుపవలెను. పత్రము ఎచట నిలిచినదో దానివలననే తెలియును.