చేని మూలలు

సేద్యము ఒంటరివాని పని కాదు. నాటునకును కోతకును కూలీలు కావలెను. నీటికి ఎగువ రైతుతో సఖ్యము కావలెను. పెట్టుబడికి సంఘము, అమ్మకమునకు బజారు కావలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో రైతు బజారులు ప్రారంభమయ్యెను. ఎర్రగడ్డ రైతు బజారునకు కూరగాయలు తెచ్చు రైతులకు ఈ సంగతి మనము చెప్పనక్కరలేదు. కొనువానితోడను, ప్రక్క గంపవానితోడను పొత్తు కుదరనిదే మంచి పంటయు వాడిపోవును.

ఈ పొత్తు దేనివలన నిలుచునో తెలిసికొనుటకు ఈ మాసమున ప్రాచీన సేద్యవిధి నొకదానిని పాఠముగా గైకొనుచున్నాము. ఇది బైబిలులోని ఇశ్రాయేలు రైతులది. మనము మతచర్చకు పోక, సేద్యగాండ్రు ఒకరితో నొకరు మెలగిన తీరును మాత్రమే చూతము.

విధి యేమి?

లేవీయకాండము 19వ అధ్యాయమునను, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమునను ఈ విధి గలదు. కోతకాలమున చేని మూలలను పూర్తిగా కోయరాదు. రాలిన వెన్నులను యజమాని ఏరుకొనరాదు. చేనిలో ఒక పనను మరచి వచ్చినచో దానికై మరల పోరాదు. ఇవన్నియు బీదలకును, పరదేశులకును, విధవలకును, తండ్రిలేని బిడ్డలకును చెందును.

ఎంత మూల విడువవలెనో అందు కొలత లేదు. తరువాతి యూదుల ధర్మగ్రంథమగు మిష్నా, పంటలో 60వ వంతునకు తగ్గరాదని నిర్ణయించెను. ఈ భాగమును తనకు నచ్చినవారికే ఇచ్చుకొను స్వేచ్ఛ యజమానికి లేదు. వచ్చిన బీదలు తామే కోసికొందురు. కావున ఇచ్చువాడు గొప్ప చెప్పుకొనుటకును, పుచ్చుకొనువాడు తల వంచుటకును తావు లేకుండెను.

పరిగె మన పల్లెలకు క్రొత్త మాట కాదు. వరి కోసిన మళ్ళలో వెన్నులను, త్రవ్విన వేరుసెనగ చేలలో కాయలను ఏరుకొని పూట గడుపుకొనిన కుటుంబములు మన పెద్దలకు తెలియును. కోతయంత్రములు వచ్చిన పిదప పరిగె ఏరువారు చేలలో అరుదైరి.

బోయజు చేను

ఈ విధి ఆచరణలో ఎట్లుండెనో రూతు గ్రంథము చూపును. బేత్లెహేమున కరవు రాగా ఒక కుటుంబము మోయాబు దేశమునకు వలసపోయెను. అచ్చట మగవారు మువ్వురును మరణించిరి. అత్త నయోమి స్వస్థలమునకు తిరిగి రాగా, మోయాబీయురాలగు కోడలు రూతు ఆమెను విడువక వెంట వచ్చెను. పాలమూరు కూలీల వలసలు ఎరిగిన మనకు ఈ కథ దూరపుది కాదు.

అది యవల కోతకాలము. రూతు పరిగెకు పోయిన చేను బోయజు అనువానిది. అతడు చేనికి వచ్చి మొదట కోత కోయువారిని పలుకరించెను. వారును అతని క్షేమము కోరిరి. రూతు జోలికి పోరాదని పనివారిని హెచ్చరించెను. దప్పియైనప్పుడు తమ కుండలలోని నీరు త్రాగుమని ఆమెతో చెప్పెను. భోజనవేళ పిలిచి పేలాలు పెట్టెను. పనలలోనుండి కొన్ని వెన్నులు లాగి ఆమెకై విడువుడనియు, గద్దింపవద్దనియు పనివారికి ఆజ్ఞాపించెను. సాయంకాలమునకు రూతు ఏరినది తెలుగు బైబిలు లెక్కన తూమెడు యవలయ్యెను.

రాలినదానిని విడువుమని మాత్రమే విధి చెప్పెను. మరికొంత రాలునట్లు చేయుట, ఒంటరి స్త్రీకి భద్రత కల్పించుట బోయజు మంచితనము. ఈ తీరువలననే పరదేశి ఆ యూరి మనిషి యయ్యెను. పిదప బోయజు ఆమెను వివాహమాడెను. దావీదు రాజు వారి మునిమనుమడు.

ముందు కూలి, తరువాత పరిగె

ఒక్క సంగతి మరువరాదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమున పరిగె విధికి ముందే, బీద కూలివానికి ఆనాటి కూలిని ప్రొద్దు గ్రుంకకముందే చెల్లింపవలెనని యున్నది. మరుసటి అధ్యాయమున, కళ్ళము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము వేయరాదని యున్నది. కావున మూల విడిచితిమని చెప్పి కూలి తగ్గించుట ఈ విధికి విరుద్ధము. న్యాయముగా రావలసినది ఇచ్చిన తరువాతనే దయకు విలువ.

మన సంఘములకు

1912 నాటి భారత సహకార సంఘముల చట్టమున ఇట్టి యేర్పాటే కానవచ్చును. సంఘము నికరలాభములో నాల్గవ వంతును నిలువనిధికి చేర్చిన పిదప, మిగిలినదానిలో నూటికి 10 వంతులకు మించకుండ, రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యములకు వినియోగింపవచ్చునని అందు గలదు. తరువాత వేరు చట్టములు వచ్చినను అందలి తలపు పాతబడలేదు. ఆ నిలువనిధియు ఆ ధర్మభాగమును మన సంఘమునకు చేని మూలల వంటివి. సభ్యులందరును గట్టు అంచువరకు కోసికొనినచో, పంట పోయిన యేట ఏ సభ్యునికిని ఏరుకొనుటకు వెన్ను మిగులదు.

సభ్యులారా! రాబోవు సమావేశమున ఈ ప్రశ్నలను చర్చింపుడు:

1. మన యూరిలో కూలి ఏనాటి కానాడు ముట్టుచున్నదా?

2. పంట పోయిన సభ్యుని యింటికి సంఘము తరఫున మొదట పోవువాడు వసూలుదారుడా, తోటి రైతా?

3. సొంత భూమి లేని కౌలు రైతునకును, ఒంటరి స్త్రీకిని మన సంఘమున విడిచిన మూల యేది?