నీలి మంట, పసుపు మంట: గ్యాస్ గీజరు ఏం చెబుతోంది?

పంపు తిప్పగానే గ్యాస్ గీజరులో టకటకమని నిప్పురవ్వలు పుడతాయి. భగ్గున మంట అంటుకుంటుంది. కాసేపట్లోనే వేడినీళ్లు వస్తాయి! ఇందులో నీటిని నిలవచేసే తొట్టి ఉండదు. రాగి గొట్టంలో ప్రవహిస్తూ ఉండగానే నీరు వేడెక్కుతుంది. ఇటువంటి పరికరాన్ని 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ తయారుచేశాడు. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట పేరునే దానికి పెట్టాడు.

ఈ పరికరం పనిచేయటానికి ఆధారం మీరు రసాయన శాస్త్రంలో చదువుకున్న దహనమే. దహనం సక్రమంగా జరిగితే వేడినీళ్లు వస్తాయి. జరగకపోతే ప్రాణానికే ముప్పు. ఆ తేడా ఎలా గుర్తించాలో చూద్దాం.

మంటకు ఎంత గాలి కావాలి?

వంటగ్యాసులో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ఒక లీటరు ప్రొపేన్ వాయువు పూర్తిగా మండాలంటే 5 లీటర్ల ఆక్సిజన్ కావాలి. బ్యూటేన్‌కైతే ఆరున్నర లీటర్లు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే కదా! అంటే ఒక లీటరు గ్యాసుకు 24 నుంచి 31 లీటర్ల గాలి అవసరమన్నమాట.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. గీజరు నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల సెల్సియస్ మేర వేడిచేస్తోందనుకోండి. అందుకు 6 × 25 = 150 కిలో కేలరీలు కావాలి. ఒక గ్రాము గ్యాసు మండితే సుమారు 11 కిలో కేలరీలు వస్తాయి. అందులో కొంత వేడి పొగతో బయటికి పోతుంది. కనుక నిమిషానికి 17 గ్రాముల గ్యాసు ఖర్చవుతుందనుకోవచ్చు. అది మండటానికి సుమారు 220 లీటర్ల గాలి కావాలి. ఆ గాలిలో ఉండే ఆక్సిజన్ 46 లీటర్లు.

స్నానాలగది 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉంటే అందులో పట్టే గాలి 7,500 లీటర్లు. అందులో ఆక్సిజన్ 1,575 లీటర్లు. తలుపు, కిటికీ మూసి, బయటి గాలి రాకుండా చేస్తే 5 నిమిషాల్లో 230 లీటర్ల ఆక్సిజన్ ఖర్చవుతుంది. గదిలో ఆక్సిజన్ 18 శాతానికి దిగిపోతుంది. అప్పటికి మనకు ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది. కాని మంటకు ఆక్సిజన్ చాలదు. కార్బన్ డయాక్సైడ్‌తోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా తయారుకావటం మొదలవుతుంది.

కనిపించని శత్రువు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే దీనితో 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. ఇక శరీరానికి ఆక్సిజన్ మోసుకుపోయేదెవరు? మొదట తలనొప్పి, తలతిరుగుడు, వికారం కలుగుతాయి. తరవాత స్పృహ తప్పుతుంది. తలుపు గడియ తీసే ఓపిక కూడా ఉండదు. గ్యాసు వాసన రావటం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. మనకు తెలియాలని వంటగ్యాసులో కలిపే ఘాటు వాసన పదార్థం గ్యాసుతోపాటే మండిపోతుంది.

మంటను చూసి లోపం పోల్చుకోండి

1. మంట నీలంగా, నిలకడగా ఉంటే దహనం బాగా జరుగుతున్నట్టు.

2. మంట పసుపుపచ్చగా, పొడుగ్గా సాగితే గాలి చాలటం లేదన్నమాట. మండకుండా మిగిలిన కార్బన్ రేణువులు వేడికి మెరవటం వల్లనే ఆ పసుపు రంగు. బర్నరులో దుమ్ము చేరినా, సాలెపురుగు గూడు కట్టినా ఇలా జరుగుతుంది. ఆ కార్బనే రాగి రేకులమీద మసిగా పేరుకుంటుంది. మసి పొగదారిని మూసేస్తుంది. దానితో గాలి మరింత తగ్గుతుంది, మసి మరింత పెరుగుతుంది! అయితే అప్పుడప్పుడు నారింజ రంగు మెరుపులు కనిపిస్తే అవి దుమ్ములోని సోడియం లవణాలవి కూడా కావచ్చు.

3. "ధబ్" అని చప్పుడు చేస్తూ అంటుకుంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడుతున్నట్టు. ఈలోగా పోగుపడిన గ్యాసంతా ఒక్కసారిగా మండుతుంది.

4. రవ్వలే రాకపోతే బ్యాటరీలు అయిపోయి ఉండవచ్చు. లేదా నీటి వేగం చాలకపోవచ్చు. నీరు తగినంత ఒత్తిడితో రబ్బరు పొరను నెడితేనే గ్యాసు దారి తెరుచుకుంటుంది.

5. అంటుకున్న వెంటనే ఆరిపోతుంటే, మంటను కనిపెట్టే సాధనం మీద మసి పట్టిందేమో మెకానిక్కు చూడాలి.

గీజరును మీరు విప్పవద్దు. మీ పని గమనించి పెద్దలకు చెప్పటం. పసుపు మంట, మసి, ధబ్ అనే చప్పుడు, ఈ మూడింటిలో ఏది కనిపించినా సిలిండరు మూసి మెకానిక్కును పిలిపించాలి. గ్యాసు వాసన వస్తే మాత్రం కరెంటు స్విచ్చి ముట్టుకోకుండా తలుపులు తెరవాలి. స్నానాలగదిలో ఎవరైనా స్పృహ తప్పితే ముందు తలుపు బార్లా తెరిచి, వారిని ఆరుబయటికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరో మాట. నీలి మంటే ఉంది కదా అని తలుపులన్నీ బిగించుకోకూడదు. ఆక్సిజన్ తగ్గితే నీలి మంట కూడా విషవాయువునిస్తుంది. గీజరును స్నానాలగది బయట, గాలి బాగా ఆడే చోట బిగించాలి. దాని పొగ గొట్టం ద్వారా ఆరుబయటికి పోవాలి.

మీరు చేయండి

మీ స్నానాలగది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, అందులో ఎన్ని లీటర్ల గాలి పడుతుందో లెక్కించండి. పైన చెప్పిన గీజరు అందులో వెలిగితే ఎన్ని నిమిషాల్లో ఆక్సిజన్ 18 శాతానికి దిగుతుంది? జవాబు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.